వెనక భుజం

నొప్పి అయితే దానికో చోటుంటుంది. వేలు పెట్టి ఇదిగో ఇక్కడ అని చూపించొచ్చు. భయానికి చోటు లేదు. నిన్న అది మోచేతిలో ఉంది, పొద్దున లేచేసరికి మెడ వెనక్కి పోయింది, ఇప్పుడు పత్తర్‌గట్టి రాతి కమానుల కింద నడుస్తుంటే అరికాళ్ళలోకి దిగింది. ఇట్లా ఇళ్ళు మారుస్తూ తిరిగేదానికి ఏ డాక్టరు ఎక్కడని కుట్లు వేస్తాడు?

కేశవ్ కుడిచేతిని ప్యాంటు జేబులో పెట్టుకుని నడుస్తున్నాడు. ఆపరేషనై పదకొండు నెలలు. మొదటి నెలన్నర చెయ్యి పట్టీలో వేలాడింది. పట్టీ తీసేశాక ఎక్కడ ఉండాలో దానికి తెలియలేదు. అతను జేబు చూపించాడు. అప్పటి నుంచి అక్కడే కాపురం. ఎదురొచ్చేవాళ్ళు కుడివైపు తగలకుండా ఒరిగి నడవడం, బస్సులో ఎడమచేత్తోనే పట్టుకోవడం, ఎవరైనా ఆప్యాయంగా భుజం తట్టబోతే అర అడుగు జరగడం. మొదట్లో ఇవన్నీ జాగ్రత్తలనుకున్నాడు. జాగ్రత్తకూ దాక్కోవడానికీ మధ్య గీత ఎప్పుడు చెరిగిందో గుర్తు లేదు.

నిన్న సాయంత్రం అఫ్జల్‌గంజ్ దగ్గర, పదేళ్ళుగా తను బరువులెత్తుతున్న పాత హాల్లో, ఖాళీ రాడ్ నుదుటి దాకా వచ్చి ఆగిపోయింది. ఇరవై కిలోల రాడ్. దానికి ప్లేట్లు లేవు. నూటపద్దెనిమిది కిలోలు తల మీదికి లేపినవాడి చెయ్యి, ఇతరులు ఒళ్ళు వేడెక్కడానికి తిప్పే కడ్డీని కనుబొమ్మల దగ్గర పట్టుకుని వణికింది. కోచ్ రామ్‌చందర్ రాడ్ అందుకుని స్టాండు మీద పెట్టి, "చాయ్ తాగుదాం పా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అంతకు రెండు రోజుల ముందే ఫిజియోథెరపిస్ట్ కౌముది చెప్పింది. "కుట్లు మంచిగ మానినయి కేశవ్ గారు. సోమవారం నుంచి రాడ్ పట్టుండ్రి. మెల్లమెల్లగ పోతే మూడు నెలలల్ల స్టేట్ మీట్‌కు నిలబడ్తరు. ఒక్కటే మాట. పైనుంచి కుదుపుతోని పడే బరువు ఏదీ ఆ భుజం మీద పెట్టొద్దు. మళ్ళ చిరిగితే కుట్టనీకి జాగ ఉండదు." కాగితం చూస్తూ ఇంకో ప్రశ్న కూడా వేసింది. "పోయిన ఏడు రాడ్ పడి కీలు తప్పకముందే భుజంల కొంచెం చిరుగు ఉన్నట్టు ఆపరేషన్ నోట్స్‌ల రాసిన్రు. అంతకుముందు ఏమన్న అయిందా?"

"లేదు" అన్నాడు కేశవ్. ఆ మాట ఎంత తేలిగ్గా బయటికొచ్చిందంటే, తనే దాన్ని నమ్మాడు.

ఇంట్లో మాత్రం సంగతి వేరే తీరున తేలిపోయింది. ఈ శుక్రవారం నుంచి గుడిలో తొమ్మిది రోజుల ఉత్సవం. రోజుకు రెండుసార్లు ఊరేగింపు. పల్లకి కుడి మోతకర్రకు ముందు నిలబడే వంతు ఐదు తరాలుగా వాళ్ళింటిది. కేశవ్ ఈసారి మోస్తాడని తండ్రి శ్రీపాద, కొడుకును ఒక్క మాట అడగకుండానే, గుడి పెత్తనం చూసే తన అన్న వేణుగోపాల్‌కు చెప్పేశాడు. ఇవాళ మంగళవారం. భుజాలు సరిచూసే రోజు.

కమానుల వెనక సందులోకి తిరిగాడు. పెళ్ళికార్డుల దుకాణం, ముత్యాలు గుచ్చేవాళ్ళు, అత్తరు వాసన, ఆ వాసనను తొక్కేస్తూ ఎవరింట్లోంచో పోపు. గుడి మెట్ల దగ్గర చెప్పులు విడిచి ఒక్క క్షణం నిలబడ్డాడు. సందు ఇక్కడ కుడివైపుకు ఇరుగ్గా తిరుగుతుంది. పోయిన ఏడు, ఉత్సవం ఆఖరి రోజు, ఇదే మలుపు.

ఆ రోజు మంచినీళ్ళ ట్యాంకరు కారి బండలన్నీ తడిగా ఉన్నాయి. కుడి కర్రకు ముందు తను, తన వెనక తండ్రి. మలుపు తిరుగుతుండగా కర్ర ఒక్కసారి వెనకవైపు తేలికై, మరుక్షణం బండలాగా వచ్చి తన భుజం మీద పడింది. జారిపోతున్న కర్రను చెయ్యెత్తి ఒడిసి పట్టుకున్నాడు. లోపలెక్కడో చిన్న చప్పుడు. పూలదండలో దారం తెగితే వచ్చేంత. పల్లకి ఒరగలేదు. పూలు రాలలేదు. ఎవరూ చూడలేదు.

కర్ర కింద ఉన్నప్పుడు బరువు అనే మాట అనకూడదు. అది ఆ ఇంటి మగవాళ్ళకు అక్షరాలకంటే ముందు నేర్పే నియమం. స్వామికి బరువుండదు. మరీ ఓర్చుకోలేకపోతే, స్వామి నిండుగ ఉన్నడు, అంటారు. అంతే. ఆ మాట వింటే పక్కవాళ్ళు సర్దుకుంటారు. కేశవ్ పళ్ళ బిగువున ఆ మాటే అన్నాడు. వెనక నుంచి తండ్రి గొంతు వినపడింది. "నిండుగనే ఉంటడు. నడువు."

నడిచాడు.

రెండు రోజుల తర్వాత హాల్లో నూటపద్దెనిమిది కిలోల రాడ్ తల మీంచి వెనక్కి పడింది, భుజం కీలు తప్పింది. అది అందరూ చూశారు. ఫోన్లో వీడియో కూడా ఉంది. ఆస్పత్రిలో తండ్రి మంచం పక్కన నిలబడి, "ఇనుము తిన్నది పిల్లగాని భుజాన్ని" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు తనకు కోపం రాలేదు. ఎందుకో హాయిగా అనిపించింది. ఎవరో ముందే పరిచి ఉంచిన పక్క దొరికినట్టు. అందులో ఏడాదిగా పడుకున్నాడు. తండ్రి కాలు జారింది, పెద్దవాడు, సిగ్గుపడతాడు, చెప్పొద్దు, అనుకున్నాడు. దానికి దయ అని పేరు పెట్టుకున్నాడు. కౌముది అడిగినప్పుడు కూడా అదే దయ తన నోటిని మూసింది. కానీ దయ అయితే చెయ్యి నుదుటి దగ్గర ఎందుకు ఆగుతుంది? చెప్పని మాట ఒళ్ళో ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటుందేమో. తన మాట కీలులో ఇరుక్కుందా?

"ఏం పహిల్వాన్, మెట్ల కాడనే ఆగినవు" అన్న గొంతుకు తలెత్తాడు. పెద్దబాపు కొడుకు పింటూ. ముప్పై దాటాయి, హైటెక్ సిటీలో ఉద్యోగం, ఉత్సవానికి సెలవు పెట్టి వచ్చాడు. పొట్ట ధోవతి అంచు మీదికి వాలింది. "భుజానికి గ్యారంటీ కార్డు ఇచ్చిన్రా డాక్టర్లు?"

"నీ పొట్టకు ఇచ్చినోళ్ళే ఇచ్చిన్రు అన్నా."

మండపంలో నలుగురు నవ్వారు. ఖాళీ పల్లకి నాలుగు చెక్క పీటల మీద ఉంది. రెండు మోతకర్రలకూ కొబ్బరినూనె పట్టించి తుడిచారు. ఒక్కో కర్రకు ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. భుజాలు ప్రతి ఏడూ మారతాయి. కుర్రవాళ్ళు పొడుగవుతారు, పెద్దవాళ్ళు కుంగుతారు. అందుకే ఉత్సవానికి ముందు ఎనిమిది మందినీ వరసగా నిలబెట్టి, తాడు లాగి పట్టి, ఎవరి భుజం ఎన్ని వేళ్ళు తక్కువో చూస్తారు. తక్కువైన చోట గుడ్డమెత్త వేస్తారు. కర్ర ఒక్క రీతిన ఉండాలి, స్వామి ఒరగకూడదు.

పెద్దబాపు వేణుగోపాల్ తాడు కొస పట్టుకుని ఒక కన్ను మూశాడు. డెబ్బై ఏళ్ళు, కన్ను మాత్రం వడ్రంగిది. "కేశవా, కుడి భుజం రెండు వేళ్ళు దిగింది రా నీది."

"ఆపరేషనైంది గద పెద్దబాపు."

"మెత్త ఏస్తే సరిపోతది" అన్నాడు శ్రీపాద. పక్కగా నిలబడి ఉత్తరీయం నడుముకు బిగిస్తున్నాడు. ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరై మూడేళ్ళయింది. ఆఫీసులో ఎవరికీ గుర్తులేని మనిషి, ఈ తొమ్మిది రోజులు మాత్రం సందంతా దారిచ్చే మనిషి. అందరికీ వినపడేటట్టు అన్నాడు. "నేను మొత్తుకున్న. స్వామిని మోసే భుజంరా, దాని మీద ఇనుము పెట్టకు అని. వింటేనా? ఇనుము తినేదాక ఊకోలే. ఇగ స్వామే మాన్పుతడు. తొమ్మిది రోజులు కర్ర కింద నిలబడితే ఏ ఫిజియో అక్కర లేదు."

కేశవ్ ఈ మాట ఏడాదిలో నూరుసార్లు విన్నాడు. ఊరుకోవడం కూడా ఒక కండరం లాంటిదే, వాడిన కొద్దీ బలుస్తుంది.

చెల్లెలు గోదా లోపలి గది నుంచి గోనెసంచి ఈడ్చుకొచ్చి అతని ముందు కుమ్మరించింది. ఎనిమిది గుడ్డమెత్తలు. ఎర్రగుడ్డ, లోపల పత్తి. ఒక్కోదాని మీద అమ్మ నల్లదారంతో కుట్టిన పేరు. "నీది తీసుకో అన్నా. బాపుది గూడ ఇయ్యి."

తనది తీశాడు. అప్పడంలా అయిపోయింది. మధ్యలో కర్ర ఆనిన చోట పత్తి గట్టిపడి చెక్కలా తగిలింది, అంచుల్లో చెమట తెల్లగా చారలు కట్టింది. పింటూది తీశాడు, అదీ అంతే. పెద్ద వయసువాళ్ళవి మరీ పలచన. శ్రీపాద అని కుట్టినది అడుగున ఉంది. తీసి చేతిలో పట్టుకున్నాడు.

అది పొంగిన పూరీలా ఉంది.

బొటనవేలితో నొక్కాడు. లోపలికి పోయింది. వేలు తీశాడు. మెల్లగా మళ్ళీ పైకి లేచింది.

"గోదా, బాపుకు కొత్తది కుట్టిన్రా?"

"లే అన్నా. అన్నీ ఒక్కనాడే కుట్టింది అమ్మ. సూదిల దారం నేనే ఎక్కించిన. ఆరేండ్లయితున్నయి గద." ఆమె అప్పటికే ఇత్తడి దీపాల వైపు వెళ్ళిపోతోంది.

ఆరేళ్ళు. ఏడాదికి తొమ్మిది రోజులు. రోజుకు రెండుసార్లు. కేశవ్ మనసు ఏ లెక్కా చెయ్యలేదు. ఒక దృశ్యం మాత్రం చూపించింది. కర్ర కింద ముందున్నవాడికి వెనకున్నవాడు కనపడడు. చెయ్యి కనపడదు, మొహం కనపడదు. మంత్రం చదివే గొంతు మాత్రం చెవి పక్కన వినపడుతుంది. ఆ గొంతు ఉన్నచోట ఒక భుజం కూడా ఉందని ముందున్నవాడు అనుకుంటాడు. ప్రతి ఏడూ ఉత్సవం అయ్యాక తన కుడి భుజం మీద అరచేయంత నల్లటి మచ్చ. తండ్రి భుజం తెల్లగా, నున్నగా. పెద్దవాడి ఒళ్ళు అలవాటు పడిందనుకున్నాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు మొదటిసారి కర్ర కింద చేరి, నాకెంత బలముందో అని మురిసిపోయాడు. ఇద్దరి పాలు ఒక్కడే మోస్తున్నానని ఆ మురిపెంలో తెలియలేదు.

మెత్త పట్టుకుని వాహనాల గదిలోకి నడిచాడు. తండ్రి వెనకాలే వస్తాడని తెలుసు. వచ్చాడు.

గదిలో గరుడ వాహనం, హనుమంత వాహనం పాత దుప్పట్లు కప్పుకుని ఉన్నాయి. కిటికీలోంచి వచ్చే వెలుగులో దుమ్ము.

"ఇది నీదే గద బాపు."

"పేరుంది గద దాని మీద. ఏంది, అక్కడ అందరు నిలబడి చూస్తున్నరు."

"ఒత్తి చూడు."

శ్రీపాద దాన్ని ముట్టుకోలేదు. "మంచి పత్తి అది."

"నాదీ అదే పత్తి."

బయట పింటూ ఎవరితోనో ఫోన్లో ఇంగ్లీషులో మీటింగ్ వాయిదా వేయించుకుంటున్నాడు.

"తలుపు దగ్గరికి ఎయ్యి" అన్నాడు శ్రీపాద.

"ఎయ్య."

తండ్రే వెళ్ళి తలుపు చేరవేశాడు, ఎడమచేత్తో. కేశవ్ ఆ ఎడమచెయ్యిని చూశాడు. నీళ్ళ చెంబు, పేపరు, గొడుగు, తాళంచెవి. అన్నీ ఎడమచేత్తోనే. ఒకే ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు ఏడాదిగా కుడిచెయ్యి దాచుకుని తిరుగుతున్నారు, ఒకరి దాపరికం ఒకరికి కనపడలేదు.

"షుగరు వచ్చిన ఏడాది భుజం పట్టేసింది" అన్నాడు శ్రీపాద, గరుడుడి మీది దుప్పటి సర్దుతూ. "ఇంతకంటె పైకి లేవది." చెయ్యి లేపి చూపించాడు. ఛాతీ దాకా వచ్చి ఆగింది. "జంధ్యం మార్చాల్నంటే మీ అమ్మ తల మీంచి ఏస్తది. ఎవ్వరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించిన."

"ఎన్నేండ్లు?"

"ఏడు."

"అంటే నేను కర్ర కిందికి రాకముందే."

"వచ్చినంక ఫికర్ పోయింది. నువ్వు గట్టోనివి. నేను చెయ్యి ఆనిస్తే చాలు. మెత్త దొడ్డుగ ఉంటే కర్ర ఆనినట్టే కనపడ్తది." కొడుకు మొహం చూసి ఆగాడు. "ఎవ్వరి మీద పెట్టినరా? పరాయోని మీద పెట్టిననా? నీ మీదనే గద."

ఆ మాటలో నిజంగానే ఏదో ప్రేమ ఉంది. అదే కేశవ్‌కు ఊపిరాడనివ్వలేదు.

"మరి ఆ మలుపు కాడ? కాలు జారింది నీకు, అనుకున్న నేను."

శ్రీపాద దుప్పటి వదిలేశాడు. "జారలే."

"మరి?"

"ఆఖరి రోజు గద. సిగ్గయింది. ఆరేండ్లాయె, ఒక్క పది అడుగులన్న నిజంగ మోద్దామనుకున్న. మెత్త తీసి నడుముల చెక్కిన. భుజం కిందికి పెట్టి లేపిన. పెట్టంగనే ప్రాణం పోయినట్టయింది. తీసేసిన." కిటికీ వైపు తిరిగాడు. "తీసేస్తే నీ మీద పడ్తదని అప్పుడు తట్టలే."

కేశవ్ గరుడుడి పీట అంచు పట్టుకున్నాడు. అబద్ధంగా మోసిన అన్నేళ్ళూ ఏమీ కాలేదు. నిజంగా మొయ్యాలనుకున్న పది అడుగులే తన భుజాన్ని తిన్నాయి. దీని మీద కోపం తెచ్చుకోవడానికి పట్టు దొరకడం లేదు. దొరకకపోయినా కోపం వస్తోంది. రానీ, అనుకున్నాడు. ఏడాదిగా దాన్ని దయ అనే జేబులో పెట్టుకుని తిరిగాడు.

"స్వామి నిండుగ ఉన్నడు అన్న నేను. విన్నవా?"

"విన్న."

"నడువు అన్నవు."

తండ్రి ఉత్తరీయం కొసను వేలికి చుట్టుకున్నాడు.

"దవాఖానల నా మంచం పక్కన నిలబడి ఇనుము తిన్నది అన్నవు. ఇందాక గూడ, అందరి ముంగట, మళ్ళ అదే మాట. నీకు తెలిసి."

"నువ్వు సుత అదే చెప్పినవు గద" అన్నాడు శ్రీపాద మెల్లగా. "డాక్టరుకు, మీ కోచ్‌కు. నేనొక్కన్నే అన్ననా?"

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. అవును. తండ్రి ఒక మాట అందించాడు, తను దాన్ని పట్టుకున్నాడు. కర్ర కింద ఎట్లాగో ఇక్కడా అట్లాగే, ఒకడు ఆనించాడు, ఒకడు మోశాడు. మోసేవాడికి కూడా అందులో ఒక గొప్ప దొరుకుతుంది. నేను ఓర్చుకుంటున్నాననే గొప్ప. ఆ గొప్ప కోసం తన సొంత విద్యను దొంగను చేసి నిలబెట్టాడు. ఖాళీ రాడ్ ఎత్తబోతే, అది నిన్ను తిన్నది, అని చెయ్యి వణుకుతోందంటే తప్పు చెయ్యిది కాదు. ఏడాదిగా దానికి ఆ పాఠమే చెప్పారు.

"అవు బాపు. నేను గూడ అబద్ధమాడిన. ఇగ ఆడ."

"ఈ ఒక్క ఏడాది రా" శ్రీపాద దగ్గరికి వచ్చాడు. "ఈ తొమ్మిది రోజులు. వచ్చే ఏడు నేనే తప్పుకుంట, వయసైందని చెప్త, మర్యాదగ పోత. నువ్వు ముందట లేకుంటే, ఆ పింటూగాడు ముందట నిలబడితే, పది అడుగులల్ల అరుస్తడు, వెనక ఎవ్వరు మోస్తలేరు అని. సందుల తల ఎత్తుకోలేను."

"నా భుజం మళ్ళ పోతే?"

"పోదు. స్వామి చూసుకుంటడు."

"స్వామిని నడుమ తేకు. ఆయన్ను మోసింది నేను." తన గొంతు ఇంత స్థిమితంగా ఉండటం కేశవ్‌కే వింతగా ఉంది. "బరువు బాపు. మస్తు బరువుండె."

శ్రీపాద చటుక్కున తలుపు వైపు చూశాడు. "ఇక్కడ అనకురా ఆ మాట."

"ఎందుకనొద్దు? నేను పొద్దున లేస్తే అనే మాట అది. మా హాల్ల ఎంత బరువో గట్టిగ చెప్పి ఎత్తుతం. ఎత్తలేకపోతే పడేస్తం. పడేస్తే ఎవ్వరు నవ్వరు. మళ్ళ ఎత్తుమంటరు. ఇక్కడ బరువు లేదంటరు, మోసెటోడు పోతడు."

"ఇనుము నేర్పిందా నీకు ఈ మాటలు?"

"అవు. నీ చెయ్యి ఆరేండ్ల సంది ఎట్ల దాగిందనుకున్నవు? నేను ఇనుము ఎత్తబట్టే. ఆ ఇనుము మీదనే నిలబడి దాన్నే తిట్టినవు."

శ్రీపాద కూర్చోవాలన్నట్టు చుట్టూ చూశాడు. వాహనాల మీద కూర్చోకూడదు. గోడకు ఆనుకున్నాడు. రిటైరైన రోజు ఆఫీసు నుంచి శాలువాతో ఇంటికొచ్చి ఇట్లాగే గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ మనిషికి ఇక మిగిలిన చోటు ఆ కర్ర కిందే. అది కేశవ్‌కు తెలుసు. తెలియడం వేరు, లొంగడం వేరు. ఇన్నాళ్ళూ ఒకరి బాధ అర్థమైతే వాళ్ళ మాట వినాల్సిందే అనుకున్నాడు. అర్థం చేసుకుని కూడా వద్దు అనొచ్చని ఎవరూ చెప్పలేదు.

"రేపు పొద్దుగాల హాలుకు పోత" అన్నాడు. "ఖాళీ రాడ్ పడుత. నుదురు దాక వచ్చి ఆగుతదేమో. ఆగని. ఎల్లుండి మళ్ళ పడుత. మూడు నెలలల్ల మీట్ ఉంది. నిలబడ్త. ఓడిపోతనేమో గాని నిలబడ్త. ఈ భుజం నాది. దాన్ని నేను ఇంకెవ్వరికీ అప్పు ఇయ్య."

"నన్ను నగుబాటు చేస్తవా కేశవా."

"నేను ఎవ్వరికీ ఏం చెప్ప. చెప్పేది నీది."

"ఎట్ల చెప్తరా? ఏమని చెప్త?"

బయట నుంచి వేణుగోపాల్ పిలుపు వినపడింది. ఉత్సవంలో పిలిచినట్టే, రాగం తీసి. "భుజం..."

ఆ పిలుపు వింటే మోసేవాళ్ళంతా తమ తమ చోట్లలోకి చేరాలి. రెండో పిలుపుకు కర్ర ఎత్తాలి. తండ్రి ఒంట్లో ఆ పిలుపు చేసిన పని కేశవ్ కళ్ళారా చూశాడు. గోడకు ఆనుకుని ఉన్న మనిషి నిటారుగా అయ్యాడు. ఉత్తరీయం ముడి సరిచేసుకున్నాడు. కొడుకు చేతిలోని మెత్తను ఎడమచేత్తో అందుకున్నాడు, అడగలేదు, కళ్ళెత్తలేదు. తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

కేశవ్ గది గుమ్మంలోకి వచ్చాడు. ఏడుగురు నిలబడ్డారు. తండ్రి తన పాతచోటులో ఉన్నాడు, కుడి కర్రకు ముందు నుంచి రెండోవాడుగా, భుజం మీద ఎర్రమెత్తతో, చూపు నేరుగా ముందుకు పెట్టి. ఆ చూపు ముందు ఒక మనిషి పట్టేంత ఖాళీ. తన ఖాళీ. వెనక నుంచి చూస్తే ఎంత అనువుగా ఉందో. ఆరేళ్ళుగా తన ఆకారానికి అరిగిన ఖాళీ.

"ఏం పహిల్వాన్, ముహూర్తం చూస్తున్నవా?" పింటూ ఎడమ కర్ర కింద నుంచి అన్నాడు. "ఎండల నా పొట్ట కరుగుతున్నది జల్దీ రా."

ఎవరో కిసుక్కుమన్నారు. గోదా దీపం తుడుస్తూ తలెత్తి చూసింది. అన్న ముఖంలో ఏం కనపడిందో, గుడ్డ చేతిలోనే ఆగిపోయింది.

భయం పోలేదు. ఇప్పుడు నాలుక మీద ఇత్తడి రుచిలా ఉంది. అది పోయేదాకా ఆగితే ఈ తొమ్మిది రోజులూ అయిపోతాయి, మూడు నెలలూ అయిపోతాయి. దాన్ని ఉండనిచ్చాడు. మండపం దాటి, కర్ర పక్కనుంచి నడిచి, ఆ ఖాళీలోకి వెళ్ళి నిలబడ్డాడు. మండపమంతా ఊపిరి వదిలింది. వెనక తండ్రి గొంతులో మంత్రం మొదలైంది, సన్నగా, వణుకుతూ, కృతజ్ఞతలా. ఆ కృతజ్ఞత మెడకు వెచ్చగా తగిలింది. ఇక్కడే ఆగిపోవచ్చు. ఏమీ కానట్టు మొయ్యొచ్చు. ఎంత సులువు.

"ఎత్తబోతున్నం" అన్నాడు వేణుగోపాల్. "అందరు మంచిగున్నరా?"

తన కుడిచెయ్యి జేబులో లేదని, పక్కన వేలాడుతోందని కేశవ్ గమనించాడు. వెనక్కి తిరిగాడు. కర్ర కింద ఉన్నవాళ్ళు ఎప్పుడూ వెనక్కి తిరగరు. తండ్రీ కొడుకులు జానెడు దూరంలో ఎదురెదురుగా నిలబడ్డారు. మంత్రం ఆగిపోయింది.

"బాపు" అన్నాడు, అందరికీ వినపడేటట్టు, కానీ మెత్తగా. "నేను ఈ ఏడు మోస్తలేను. ముందటికి నువ్వు రా."

వేణుగోపాల్ చేతిలో తాడు వదులైంది. శ్రీపాద కళ్ళు కొడుకు మొహం మీంచి జారి, అన్నగారి మీద, మిగిలినవాళ్ళ మీద ఒక్కొక్కరి మీదా వాలి, తన కాళ్ళ ముందున్న రాతిబండ దగ్గర ఆగాయి. చెప్పేస్తాడా, లేక ఆ చెయ్యితోనే ముందుకొచ్చి కర్ర కింద నిలబడతాడా, ఆ మొహంలో ఏదీ రాసి లేదు.

కేశవ్ ఒక్క అడుగు పక్కకు వేసి, ఆ బండను ఖాళీ చేశాడు.